ఆపమనే చెయ్యి

పెట్టె కింద ముసలి హమాలీ కేకలు పెడుతున్నాడు. పరుగెత్తుకొచ్చిన కాంట్రాక్టరు ముందుగా పెట్టె పగిలిందా అని చూశాడు.

రేవు యార్డులో రెండు వందల మందీ ఆ దృశ్యం కళ్ళారా చూశారు. అందరికంటే దగ్గరగా చూసింది జెండా అక్క. క్రేన్ కింద నిలబడి, పైన గదిలో కూర్చున్న డ్రైవరుకు సైగలు చెయ్యడం ఆమె పని. ఆమె పచ్చజెండా ఎత్తితేనే కొక్కెం లేస్తుంది. క్రేన్ ఇనుప తాడు పోగులు తెగి ముళ్ళలా లేచి నెల దాటింది. ఆ రోజు అది ఒక్కసారిగా జారింది. హమాలీ రెండు కాళ్ళూ పోయాయి.

"సరుక్కేం కాలేదు. పని కానివ్వండి," అన్నాడు కాంట్రాక్టరు.

ఏ యార్డులోనైనా ఒక కట్టుబాటు ఉంది. ఎత్తమని చెప్పే హక్కు జెండా పట్టిన ఒక్కరికే. ఆపమని చెప్పే హక్కు మాత్రం అందరిదీ. ఊడ్చే మనిషి రెండు చేతులూ బారచాపి నిలబడినా డ్రైవరు ఆపి తీరాలి. ఎందుకని అడగడం తర్వాతి సంగతి.

ఆ రోజు మొదట చేతులు చాపింది జెండా అక్క తమ్ముడు. సరుకుకు గొలుసులు బిగించి కొక్కేనికి తగిలించే పని వాడిది.

"తాడు మార్చేదాకా ఒక్క పెట్టె కూడా లేవదు సార్!"

అంతే. డ్రైవరు, అందరూ క్రేన్ తాత అనే ముసలాయన, పైన గదికి తాళం వేసి నిచ్చెన దిగొచ్చాడు. యార్డు ఆగిపోయింది.

నాలుగు రోజులు ఓడ కదల్లేదు. ఐదో రోజు గేటు ముందు వేదిక కట్టారు. నాయకుడు వచ్చాడు. ఆయనకు ఎడమవైపు కార్మికులు, కుడివైపు కాంట్రాక్టరూ ఆఫీసువాళ్ళూ.

"కార్మికుడి ప్రాణం కన్నా విలువైనది ఈ లోకంలో లేదు!" ఎడమవైపు ఈలలు. "ఓడ ఆగితే వేల ఇళ్ళలో పొయ్యి ఆగుతుంది!" కుడివైపు చప్పట్లు. "తాడు మార్చమనడం న్యాయం. పని ఆగకూడదనడమూ న్యాయమే. మీరిద్దరూ నాకు రెండు చేతులు!" అంటూ ఆయన చేతులు రెండూ బారచాపాడు.

రెండువైపులా చప్పట్లు మోగిపోయాయి.

"చూశావా అక్కా! ఆయన కూడా ఆపమనే సైగే చేశాడు," తమ్ముడు ఎగిరి గంతేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నవ్వుతూనే నమ్మారు.

ఆ సాయంత్రం షెడ్డులో మీటింగు. కమిటీ వేస్తారట. ఈలోగా జాగ్రత్తగా పని చేసుకోవాలట.

"ఒకే మాటకి మనమూ చప్పట్లు కొట్టాం, కాంట్రాక్టరూ కొట్టాడు," అన్నాడు క్రేన్ తాత. "అంటే ఇద్దరిలో ఒకళ్ళం మోసపోయినట్టే కదరా?"

"పైన కూర్చుని కూర్చుని కాకులతో సావాసం చేశావు తాతా. నీకన్నీ అనుమానాలే," అన్నాడు తమ్ముడు.

"సరేరా, నేను కాకినే. ఆయన ఏం మాటిచ్చాడో నువ్వు చెప్పు."

"తాడు మారుస్తానన్నాడు."

"కాదు, మార్చమనడం న్యాయమన్నాడు," అన్నారెవరో.

"రెండూ ఒకటే!" అని కసిరింది జెండా అక్క. "అంత పెద్దమనిషి మనవైపు నిలబడితే ఇంకా అనుమానమేంటి? నా చెయ్యి పనికే." అని చెయ్యెత్తింది. ఆమె మాట మీద అందరికీ గురి. ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. తాత చెయ్యి చివరిది.

మర్నాడు పొద్దున తమ్ముడు గొలుసు బిగించి, ఒకసారి లాగి చూసుకున్నాడు.

"కానీ అక్కా!"

ఆమె పచ్చజెండా ఎత్తింది. పెట్టె మనిషి ఎత్తు లేచింది, ఇద్దరు మనుషుల ఎత్తు లేచింది. పైన ఏదో ఫట్‌మంది. ఆమె జెండా పారేసి చేతులు రెండూ చాపింది. తాత క్షణంలో ఆపాడు. పెట్టె ఆగలేదు.

మధ్యాహ్నం సైరన్ మోగింది. అప్పటికి పెట్టె కింద నుంచి తమ్ముణ్ణి తీసుకెళ్ళిపోయారు. జెండా అక్క అలవాటు కొద్దీ సంచిలోంచి రెండు టిఫిన్ బాక్సులూ తీసి పక్కపక్కన పెట్టింది. పెట్టాక చూసుకుంది. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

"ఎత్తమంది నేనే తాతా," అంది.

ఎత్తినవాడు తాత.

మర్నాడు శవాన్ని గేటు ముందు దించారు. నాయకుడు మళ్ళీ వచ్చాడు, తెల్లపూల దండతో.

"చనిపోయినవాడు నాకూ తమ్ముడే. అయితే తొందరపడి ఎవరినీ నిందించలేం. తాడు పాతదే కావచ్చు, పనిలో ఏమరుపాటూ కావచ్చు. యాజమాన్యం బాధా..."

"అయ్యా," జెండా అక్క లేచింది. "కొక్కెం లేవాలా, ఆగాలా?"

"అమ్మా, నీ బాధ నాకు తెలుసు."

"నా బాధ నేను పడతాను. లేవాలా, ఆగాలా?"

"ఆ రెంటికీ మధ్య ఏదో ఒక దారి..."

"ఆ రెంటికీ మధ్య మా తమ్ముడు నిలబడ్డాడండీ. అదుగో, పడుకోబెట్టాం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దంలో యార్డు లోపలి నుంచి మోటారు చప్పుడు వినిపించింది. కాంట్రాక్టరు బయటి నుంచి కొత్త డ్రైవరును తెచ్చాడు. తెగిన తాడుకు ముడేసి కొక్కెం తగిలించాడు.

జెండా అక్క పరుగెత్తింది. కొక్కెం కింద నిలబడి రెండు చేతులూ చాపింది. పక్కన తాత చాపాడు. గొలుసులవాళ్ళు, హమాలీలు, గోదాము ఆడవాళ్ళు. వేలికి వేలు తగిలేలా రెండు వందల మంది, ఒక్క అరుపైనా లేకుండా.

మోటారు ఆగింది.

"ఎత్తరా! డబ్బు తీసుకోలేదూ?" కాంట్రాక్టరు గొంతు చించుకున్నాడు.

"చేతులు చాపారు సార్," పైనుంచి అన్నాడు కొత్త డ్రైవరు. "ఆపాలి."

పోలీసులు వచ్చారు. చాచిన చేతుల్ని లాఠీలతో కొట్టి ఒక్కొక్కటే దించారు. జెండా అక్కకు బేడీలు వేసి వ్యానెక్కించారు. దండ పట్టుకున్న నాయకుడు, శాంతిభద్రతలూ ముఖ్యమే, ప్రజల ఆవేదనా ముఖ్యమే అని పత్రికలవాళ్ళకు చెబుతున్నాడు.

వ్యాను గేటు దాటుతుంటే ఆమె జాలీలోంచి వెనక్కి చూసింది. కొక్కెం కింద ఆమె నిలబడిన చోటు ఖాళీగా ఉంది. యార్డు ఊడ్చే ముసలావిడ కుంటుతూ అక్కడికి వచ్చింది. చీపురు కింద పెట్టింది. కొంగు బిగించుకుని, చేతులు రెండూ బారచాపింది.

క్రేన్ కదల్లేదు.