ముట్టుకోకూడని రైలు

లోథార్ మోకాళ్ల మీద పాకుతూ బొమ్మ రైలు పట్టాలను మెత్తని గుడ్డతో తుడుస్తున్నాడు. సోఫాను గోడకు నెట్టి, క్రిస్మస్ చెట్టు చుట్టూ తిప్పి, భోజనాల బల్ల కింద నుంచి బాల్కనీ తలుపు దాకా పరిచిన పట్టాలవి. డిసెంబరు మొదట్లో పరుస్తాడు. జనవరి ఆరున, క్రిస్మస్ రోజులు ముగిసే మూడు రాజుల పండుగ సాయంత్రం, ఏ పెట్టెలోది ఆ పెట్టెలో సర్ది అటకెక్కిస్తాడు. ఆ పండుగ ఇవాళే. మనవలు భోజనానికి వస్తున్నారు.

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా ఊగుతుంటుంది. గోళ్లు ఎప్పుడూ పొట్టిగా, శుభ్రంగా ఉంటాయి. నెక్కార్ నది ఒడ్డున గడియారాల కార్ఖానాలో ముప్పై ఏళ్లకు పైగా గోడ గడియారాలను అట్టపెట్టెల్లో సర్దాడు. ఒక్క అద్దం కూడా పగలగొట్టలేదని రిటైరైన రోజు మేనేజరు భుజం తట్టాడు. ఆయనకు జరిగిన సన్మానం అదొక్కటే. ముట్టుకుంటే పగులుతుందన్నది తప్ప లోకం గురించి ఆయన పెద్దగా నేర్చుకున్నదీ లేదు.

అందుకే కూతురు హైకె చిన్నప్పుడు రైలు నడుస్తున్నంతసేపూ సోఫాలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకోవాల్సి వచ్చేది. చేతులు బయటికొస్తే రైలు ఆగిపోయేది. రైలుకు కరెంటిచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె మీద, వేగం పెంచే ఎర్ర మీటను ఆయన తప్ప ఎవరూ తిప్పలేదు. ఈ చుట్టుపక్కల ఇళ్లలో బొమ్మ రైళ్లు పిల్లల పేరున కొంటారు, తండ్రులు ఆడుకుంటారు. అదేం తప్పని ఎవరూ అనుకోరు. లోథార్ అందరికంటే కాస్త ఎక్కువ జాగ్రత్తపరుడు, అంతే.

వారం కింద డాక్టరు ఆయన గుండె గురించి చెప్పాల్సింది చెప్పాడు. విన్నప్పుడు లోథార్‌కు ఏమీ అనిపించలేదు. బస్సు కిటికీలోంచి మంచు చూస్తూ తిరిగొచ్చాడు. అప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి రైలు తిప్పుతుంటే మాత్రం, తను పోతే దీన్ని నడిపేవాళ్లు ఇంట్లో ఒక్కరూ లేరన్న సంగతి తట్టింది. ఎవరో ఒకరికి నేర్పాలి. ఆయనకిప్పుడు కావాల్సింది అదొక్కటే.

హైకె పిల్లలను దింపి, చీకటి పడేలోగా వస్తానని వెళ్లింది. బంగాళాదుంపల సలాడ్, సాసేజీలు తిన్నాక మనవరాలు యూలె, దాని తమ్ముడు టిల్ సోఫాలో కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే చేతులు తొడల కింద పెట్టుకున్నారు. లోథార్ నల్ల ఇంజనును, దాని వెనక పాల ట్యాంకు బోగీని, తపాలా బోగీని రెండు చుట్లు తిప్పి, మీట వదిలేసి పక్కకు జరిగాడు.

"యూలె, ఇటు రా. ఇవాళ నువ్వు నడుపు."

తొమ్మిదేళ్ల పిల్ల. చోటు నుంచి కదల్లేదు.

"అమ్మ వద్దంది తాతయ్యా. నీ రైలు చూడ్డానికేనట."

"నేనే చెబుతున్నా కదా."

"ఊరికే అంటావు. ముట్టుకుంటే నీ మొహం మారిపోతుందట."

తనూ ముట్టుకోనని టిల్ అడక్కముందే చెప్పేశాడు. ఇన్నేళ్లూ ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు, ఇప్పుడు బతిమాలితే ఎవరొస్తారని వంటింట్లోంచి భార్య ఇర్మ్‌గార్ట్ ఎత్తిపొడిచింది. బిస్కెట్లు పెడితే పిల్లలు ఒక్కో చెయ్యే బయటికి తీసి తిన్నారు. ఆయన మళ్లీ మీట పట్టుకుని, కిటికీలో వెలుగు పోయేదాకా తిప్పుతూ కూర్చున్నాడు.

హైకె వచ్చి బూట్లు విప్పింది, కోటు విప్పలేదు. రోడ్డు జారుతోందని పిల్లలను తొందరపెట్టింది.

"ఒక్కసారి నువ్వు తిప్పమ్మా," అన్నాడు లోథార్ నేల మీద నుంచే.

ఆమె తల్లి వైపు చూసింది. ఇర్మ్‌గార్ట్ భుజాలెగరేసింది. ఆసుపత్రిలో ఒక వార్డు మొత్తం మీద పెత్తనం చేసే నలభై దాటిన మనిషి హైకె, కోటుతోనే మోకాళ్ల మీద కూర్చుని మీట పట్టుకుంది. ఎంత తిప్పాలో తెలియక చివరికంటా తిప్పేసింది. ఇంజను దూసుకెళ్లి బాల్కనీ తలుపు దగ్గరి మలుపులో పట్టాలు తప్పి, తివాచీ మీద పక్కకు ఒరిగింది.

హైకె చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని తండ్రి మొహంలోకి చూసింది. చిన్నపిల్ల చూసినట్టు బెదురుగా చూసింది. ఈ చూపు ఎన్నిసార్లు తన మీద పడిందో లోథార్‌కు తెలియదు, ఆయన కళ్లెప్పుడూ రైలు మీదే ఉండేవి. సిగ్గేసింది. చాలా రోజుల తర్వాత ఆయనకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి.

"ఏం కాలేదమ్మా. మళ్లీ తిప్పు."

"వద్దులే నాన్నా. ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం."

వాళ్లు వెళ్లాక లోథార్ పట్టాలు తీయలేదు, ఒరిగిన ఇంజనునూ లేపలేదు. ఇర్మ్‌గార్ట్ గుర్తు చేస్తే పొద్దున చూద్దామని సోఫాలో వాలాడు. ఆమె గిన్నెలు కడిగి వచ్చి, నిద్రపోయాడనుకుని దుప్పటి కప్పింది. తెల్లవారి కాఫీకి లేపితే లేవలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా పట్టాలు దాటుకుంటూ లోపలికి వచ్చారు. క్రిస్మస్ చెట్టును మున్సిపాలిటీ బండి తీసుకెళ్లింది. హైకె ఇంజను కోసం రెండుసార్లు వంగి, చెయ్యి చాచి, మళ్లీ నిటారుగా నిలబడింది. దాదాపు మూడు నెలలైంది, ఈస్టరు దగ్గరపడుతోంది. బాల్కనీ తలుపు దగ్గర నల్ల ఇంజను ఇంకా పక్కకు ఒరిగే ఉంది, దాని చక్రాల సందుల్లో ఆ చెట్టు నుంచి రాలిన ఎండు ఆకులు ఇరుక్కుని ఉన్నాయి.