పాటెత్తుకోమన్న వేలు

పాస్టరయ్యగారూ, సంఘ పెద్దలారా! మీరు నాకు నేర్పింది నాయకత్వం కాదు, సాటి ఆడదాని నోరు మూయించే పని.

రెండువేల రెండు కరువులో, విడపనకల్లు సంఘంలో అయ్యగారు నాతో అన్నారు: "నిన్ను నాయకురాలిగా తయారు చేస్తా సువార్తా. నేనే నీకు గురువును." పొంగిపోయాను. వాక్యం చెప్పడం నేర్చుకోవాలని నా ఆశ. బోరు దగ్గర బిందెల వరసలో నిలబడి కూడా మనసులో ప్రసంగం అల్లుకునేదాన్ని. తీరా శిక్షణ కూడికలో మగవాళ్లు బైబిళ్లు తెరిస్తే, నేను వెనకాల కోడికూర గిన్నెలు తోమాను. ఇంటికొచ్చి చెప్పుకుంటే నా మొగుడు దేవదానం నవ్వాడు. "ఏమే, గిన్నెలు తోమేది గూడా సేవే గదా? యేసుప్రభువు శిష్యుల కాళ్లు కడగలేదా?" కడిగాడు. మరి మీలో ఎవడైనా తాను తిన్న కంచం కడిగాడా? ఆ మాట సంగటి కుండకు చెప్పుకుంటూ కెలికాను.

చివరికి నాకిచ్చిన పెద్ద బాధ్యత పాట. ఆదివారం సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఎవరైనా ఆడమనిషి ఎక్కువ మాట్లాడితే అయ్యగారు వేలు ఆడిస్తారు. నేను పాటెత్తుకోవాలి. సంఘమంతా చప్పట్లు కొట్టాలి. ఆమె మిగిలిన మాట మింగి కూర్చోవాలి. "సమయం కాపాడేది గూడా నాయకత్వమేమ్మా!" అనేవారు అయ్యగారు. ఛీ, అదీ నా చదువు.

పోయిన ఆదివారం బయమ్మ లేచింది. పెదవి చిట్లి ఉంది. ఆమె మొగుడు ముత్యాలప్ప సంఘ పెద్ద, కానుక సంచి పట్టుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు.

"అయ్యగారూ, ఈయప్ప కొడ్తాండాడని మీ కాడికి ఎన్నితూర్లు వస్తి? లోబడి ఉండుపో, ప్రార్థన చేసుకోపో అంటిరి. నిన్న చెర్నాకోలతో కొట్టినాడు. ఇంగ యాడికి పోవల్ల నేను?"

వేలు ఆడింది. నేను నోరు తెరవలేదు. మళ్లీ ఆడింది.

"ఏమ్మా సువార్తా, గొంతు పోయిందా?"

"లేదయ్యగారూ, ఉండాది. బయమ్మక్కను చెప్పనీండి."

ఆయనే పాటెత్తుకున్నారు. శ్రుతి లేదు. ఆడవాళ్లలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. తిరుపాలమ్మవ్వ చాప మీది నుంచే అరిచింది: "ఆ పాట ఇంటికి పోయి పాడుకో నాయనా! ఆ యమ్మ చెప్తాండాది కనపళ్లేదా?"

పాట ఆగింది. బయమ్మ అంతా చెప్పింది, ఒక్క దెబ్బ కూడా దాచకుండా. ముత్యాలప్ప తల దించుకోలేదు. దించుకుంది మేమే, ఇన్నాళ్లూ పాడినందుకు, చప్పట్లు కొట్టినందుకు.

బయటికొచ్చాక దేవదానం పళ్లు నూరాడు. "మంచి గురువును పోగొట్టుకుంటివి."

"గురువంటే ఎవరో ఈ పొద్దే సూసినా," అని బయమ్మ చెయ్యి పట్టుకుని మా ఇంటికి నడిచాను. ఆయన వెనక రాలేదు. రాకపోతే పాయె.

ఇప్పుడు వినండి. బయమ్మ నా దగ్గరే ఉంటుంది. ముత్యాలప్ప చేతిలోంచి కానుక సంచి ఈ ఆదివారమే లాక్కోండి. ఆమెను ఆ ఇంటికే తిప్పి తిప్పి పంపినందుకు అయ్యగారు సంఘం ముందు క్షమాపణ అడగాలి. మాకు గురువును ఇకపై మేమే ఎంచుకుంటాం. పెద్ద చదువు, పెద్ద గొంతు మాకు అక్కర్లేదు. దెబ్బలు తిన్న ఆడది మీ గడపకొస్తే ఎక్కడికి పంపుతారు? ముందు దానికి జవాబు చెప్పి, ఆ తర్వాత ప్రసంగ పీఠం ఎక్కండి.