ఊదితే లేవని మూడు బంతులు

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాను. లోపల మూడు అరలు, ఒక్కో అరలో ఒక్కో రంగు బంతి, పక్కన ఒక గొట్టం, గొట్టం చివర నోట్లో పెట్టుకునే మూతి. గుండెకో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్లు ఆ మూతిని పెదవుల మధ్య పట్టుకుని గాలిని లోపలికి పీలిస్తే నా బంతులు పైకి లేస్తాయి, వాళ్ల ఊపిరితిత్తులు విప్పుకుంటాయి. నాకు వచ్చిన పని ఇదొక్కటే. కాగితాల మీద నాకు పొడుగాటి పేరేదో ఉంది కానీ వార్డులో అందరికీ బంతుల డబ్బానే.

ఏదో ఫ్యాక్టరీలో అచ్చులోంచి వేడివేడిగా ఊడిపడ్డాను. కవరులో పెట్టి అంటించే ముందు, ఒక్క రోగికి మాత్రమే వాడాలి అని నా వీపు మీద అచ్చు వేశారు. నాణేలూ సైకిళ్లూ చేతులు మారుతూ లోకమంతా చూస్తాయట. నాకా యోగం లేదు. ఒక మనిషి ఎంగిలి పడ్డాక ఇంకెవరికీ పనికిరాను. ఆ ఒక్కరూ ఎవరా అని చీకటి పెట్టెలో ఎదురు చూడటంతోనే నా చిన్నతనం గడిచిపోయింది.

ఆ ఒక్కరూ ఐలవ్వ. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. గుండెలో కవాటం పాడైతే పెద్దాసుపత్రిలో కొత్తది వేశారు. సంతకానికి హాస్టల్ వార్డెన్ వచ్చి వెళ్లింది, తర్వాత ఎవరూ రాలేదు. అటెండెంట్ ఎవరని అడిగిన ప్రతివాళ్లకూ "వస్తరు" అని చెప్పేది. ఎవరూ రారని ఆమెకు తెలుసు. కొద్ది రోజుల్లో నాకూ తెలిసిపోయింది.

అప్పుడు ఆ వార్డులో ఒక ప్రయోగం నడుస్తోంది. ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి నావంటి డబ్బా ఇస్తారు. మిగతావాళ్లకు గట్టిగా ఊపిరి తీసుకోవడం మాత్రం నేర్పుతారు. నెమ్ము ఎవరికి తక్కువ చేస్తుందో చూస్తారు. ఎవరు ఏ గుంపులో పడాలో కంప్యూటర్ తేలుస్తుంది. ముందే అన్నీ చెప్పి, ఒప్పుకున్నవాళ్లనే చేర్చుకున్నారు. నన్ను లక్షల్లో పుట్టించి అన్ని దేశాలకూ పంపేశాక, ఇంతకీ ఇది పనికొస్తుందా అని అడుగుతున్నారన్నమాట. మనుషుల వరస అదీ.

"లక్కీ డ్రాల నాకు ఎన్నడు ఏం తలగలే. గిప్పుడు గీ డబ్బ తలిగింది," అంది ఐలవ్వ నన్ను అందుకుంటూ.

కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో గడిచిన బతుకు ఆమెది. నా గొట్టం చూడగానే పాత చుట్టం కనిపించినట్టు మొహం విప్పారింది. ఫిజియోథెరపిస్టు నస్రీన్ నోరు తెరిచేలోపే మూతి పెట్టుకుని ఒక్క ఊదు ఊదింది. బంతులు కదల్లేదు. నా ఒళ్లంతా తుంపర్లు.

"ఊదుడు కాదమ్మా, లోపటికి గుంజాలె," అంది నస్రీన్.

"గొట్టమిచ్చి ఊదద్దంటే ఎట్ల బిడ్డా?"

పక్క మంచం మీద సమ్మక్క నవ్వబోయి, ఛాతీ నొచ్చి ఆగిపోయింది. ఆమెదీ గుండె ఆపరేషనే. "సుట్ట గుంజినట్టు గుంజక్కా," అంది.

ఐలవ్వ గుంజింది. మొదటి బంతి లేచింది. దాన్ని చూసి చంటిపిల్ల నడిచినంత సంబరపడింది. నన్నెవరైనా అలా చూడటం అదే మొదలు. నాకు చచ్చేంత గర్వం కలిగింది.

సమ్మక్క పేరు డబ్బా లేని గుంపులో పడింది. ఆమె మంచం చుట్టూ ఎప్పుడూ జనమే. భర్త, కోడళ్లు, టిఫిన్ డబ్బాలు. కానీ భయస్థురాలు. నస్రీన్ నేర్పుతున్నంతసేపూ తలూపి, అటు వెళ్లగానే పైపైన పిట్టలా ఊపిరి తీసేది. గట్టిగా పీలిస్తే కుట్లు పిగిలిపోతాయని ఆమె బెంగ. కఫం పేరుకుంది, జ్వరం పట్టుకుంది. ఇలాగే ఉంటే మళ్లీ గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాల్సి వస్తుందని డాక్టర్ చెబితే, ఆమె భర్త వరండాలోకి వెళ్లి తువ్వాలులో మొహం దాచుకున్నాడు.

ఐలవ్వ నన్ను నస్రీన్ చేతిలో పెట్టబోయింది. "ఇది ఆమెకియ్యి బిడ్డా. నాకు నయమైంది."

"ఇయ్యరాదమ్మా. మీ ఎంగిలి ఆమెకు పెడితే ఇంకేమన్న అంటుకుంటది. ఆమె పేరు గూడ డబ్బ లేనిదాంట్ల పడ్డది. మందులు నడుస్తున్నయి. గట్టిగ ఊపిరి తీస్తే సాలు, తీస్తలేదు."

నా వీపు మీది అచ్చు ఆ పూట నన్ను కాల్చింది. పక్క మంచం చెయ్యి చాపితే అందేంత దూరం. అక్కడిదాకా నేను పోలేను.

నస్రీన్ అటు వెళ్లాక ఐలవ్వ స్టూలు లాక్కుని సమ్మక్క ఎదుట కూర్చుంది. నన్ను ఇద్దరికీ కనిపించేలా పట్టుకుంది. "చెల్లె, బంతుల దిక్కు సూడు. అవి లేస్తుంటె నువ్వు గుడ గుంజు."

"కుట్లు పిగులుతయక్కా."

"నాయి పిగిలినయా? నాకు గుడ గదే కోత."

ఐలవ్వ పీల్చింది. నా బంతులు లేచాయి. వాటిని చూస్తూ సమ్మక్క ఉత్త నోటితో పీల్చింది. దగ్గు తెర వస్తే ఐలవ్వ దుప్పటి మడతపెట్టి ఆమె ఛాతీకి అదిమి పట్టింది. అలసిపోయేదాకా, మళ్లీ మళ్లీ. నస్రీన్ గుమ్మంలోంచి చూసి, లోపలికి రాబోయి వెనక్కి మళ్లింది. డబ్బా చేతులు మారలేదు కదా మరి.

సమ్మక్క జ్వరం దిగింది. మందుల వల్లో, బంతుల వల్లో, ఐలవ్వ వల్లో నాకు తెలియదు. ఇంటికి వెళ్లే రోజు సమ్మక్క ఐలవ్వ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "మా ఊరికి రావాలక్కా. నేనే వచ్చి తోల్కపోత," అంది. మూటలు సర్దే హడావుడిలో ఊరి పేరు చెప్పలేదు. ఐలవ్వా అడగలేదు. ఖాళీ మంచానికి ఎదురుగా స్టూలు అలాగే ఉండిపోయింది.

చాలాకాలం తర్వాత ఐలవ్వ చూపించుకోవడానికి వెళ్తే నస్రీన్ చెప్పింది. "ప్రయోగం అయిపోయిందమ్మా. డబ్బ ఉన్నోళ్లకు, లేనోళ్లకు తేడా ఏం లేదట."

ఐలవ్వ సంచిలోంచి ఆ మాట విన్నాను. ఆ లేనివాళ్లలో నా బంతులు చూసి పీల్చిన సమ్మక్క కూడా ఉందని అరిచి చెప్పాలనిపించింది. ఒక్క సమ్మక్క వల్ల అంత పెద్ద లెక్క మారదని నాకూ తెలుసు. అయినా ఉక్రోషం ఆగలేదు.

"అయితే ఇగ పారేయమంటవా?" అని అడిగింది ఐలవ్వ.

"ఇగ మీకు అవసరం లేదమ్మా."

పారేయలేదు. హాస్టల్ వంటగది వెనక గదిలో, పోపుల డబ్బా పక్కన ఉంచింది. సమ్మక్క రాలేదు. పిల్లల భోజనాలయ్యాక ఐలవ్వ నన్ను దించి కొంగుతో తుడుస్తుంది. మంచం మీద ఒక పక్కకు ఒదిగి కూర్చుంటుంది, రెండో పక్క ఖాళీగా ఉంచి. మూతి నోట్లో పెట్టుకునే ముందు అటు తిరిగి, "గుంజు, చెల్లె," అంటుంది. కుట్లకు భయపడే మనిషి తటపటాయించేంత సేపు ఆగుతుంది. తర్వాత ఒక్కతే గుంజుతుంది. నా మూడు బంతులూ లేస్తాయి.