బెజ్జాలు పడ్డ టీసీలు

ఉదయ్ కుమార్ అప్పటికి మూడు గ్రూప్-టూ నోట్సులకు బెజ్జాలు కొట్టి, నాలుగోదానికి స్పైరల్ తీగ ఎక్కిస్తున్నాడు. అతను బైండింగ్ చేసిన పుస్తకాన్ని ఏనుగు తొక్కితే ఏనుగు కాలే బెణుకుతుందని అశోక్‌నగర్‌లో చెప్పుకుంటారు. తహసీల్దార్లయినవాళ్ళలో సగంమంది అతని పుస్తకాలు చదివినవాళ్ళు; మిగతా సగం వాటిని తలకింద పెట్టుకుని నిద్రపోయినవాళ్ళు. అతను మాత్రం పదహారేళ్ళుగా ఆ జిరాక్స్ షాపులో అదే స్టూలు మీదున్నాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ నల్లబడి ఉండే వేళ్ళు.

పొద్దున్నే నళిని ఒక ఫైలు ఇచ్చి వెళ్ళింది. నిరుడు ఇద్దరికీ విడాకులయ్యాయి. పిల్లలు తల్లి దగ్గరే. ఆమెకు పుణెలో ఉద్యోగం వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఒప్పుకుంటూ అతను మొన్ననే కోర్టులో సంతకం పెట్టాడు. ఇవాళ రెండున్నరకు రైలు.

"రెండు సెట్లు జిరాక్స్ తియ్యి, చాలు," అందామె.

చాలంటే ఊరుకునే చెయ్యి కాదది. పరాయి ఊళ్ళో పిల్లల కాగితాలు చెల్లాచెదురు కాకూడదని పైన ప్లాస్టిక్ అట్ట, వెనక నీలం అట్ట వేసి గట్టిగా బైండు చేశాడు.

పన్నెండింటికి నళిని వచ్చి తెరిచి చూసింది. జిరాక్సుల నడుమ పిల్లలిద్దరి అసలు టీసీలు, ఆకుపచ్చ కాగితాలు, అంచు పొడవునా జల్లెడై ఉన్నాయి. కూతురు సంయుక్త పుట్టిన ఏడాదికి చివరి అంకె లేదు. టీసీ లేనిదే అక్కడి స్కూల్లో చేర్చుకోరు.

"పంపుడు ఇష్టం లేకుంటే మొన్న కోర్టులనే చెప్పకపోతివి? గిట్ల చేస్తవా?" అంది నళిని.

"పిల్లల మీద ఒట్టు. చూస్కోలే. చెయ్యి అలవాటుల పోయింది."

ఆమె నమ్మలేదు. కొత్తవి రాయించుకురావడానికి అతను స్కూటర్ తీశాడు. తల్లితో వచ్చిన తొమ్మిదేళ్ళ సంయుక్త వెనక ఎక్కి కూచుంది. "డాడీ, నా టీసీ చదివి ఎవరన్న తహసీల్దార్ అయితరా?"

నారాయణగూడ స్కూల్లో గుమాస్తా కిషన్ రావు కళ్ళద్దాలు పైకి నెట్టాడు. "టీసీకి గూడ స్పైరలేందయ్యా! నీ పెండ్లిని ఇంత గట్టిగ కుట్టుకోకపోతివి?" తర్వాత గొంతు తగ్గించాడు. "హెడ్మాస్టర్ లేడు, సోమవారం రావాలె అని పిల్లల తల్లికి చెప్పమంటవా? నాలుగు దినాలు పిల్లలు నీ కండ్లముందు ఉంటరు."

నాలుగు రోజులు! ఉదయ్ కుమార్ ఆ మాటను బెల్లంముక్కలా చప్పరించాడు. కిటికీ అవతల సంయుక్త స్కూటర్ అద్దంలో నాలుక చాపి చూసుకుంటోంది.

"వద్దు సార్. రాయుండ్రి. వాళ్ళకు బండి అందాలె."

ఒకటిన్నరకు కొత్త టీసీలు చేతికిస్తే, నళిని వాటిని వెలుతురుకెత్తి చూసింది. ఒక్క బెజ్జం లేదు.

"దసరా సెలవులకు నువ్వే వచ్చి తీస్కపో," అంది. "ఇంటి అడ్రస్ పంపిస్త."

కొడుకు సృజన్ ఆటోలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆటో సెంట్రల్ లైబ్రరీ మలుపు తిరిగింది.

ఆ తర్వాత మరో ఆరు పుస్తకాలు కుట్టాడు. షాపు కట్టేముందు మిషను కింద పడ్డ ముక్కల్ని బుట్టలోకి వంచబోయి ఆగాడు. ఎవరెవరివో పరీక్షల తెల్ల చుక్కల రాశిలో అక్కడక్కడా ఆకుపచ్చ చుక్కలు. కూచుని ఒక్కొక్కటే ఏరాడు.

షట్టరు దిగాక, బల్ల మీద ఖాళీ పిన్నుల డబ్బాలో అవి మిగిలాయి. అన్నిటికన్నా పైనున్న చుక్క మీద ఒక ఏడు అంకె.