చేదబావి నిచ్చెన

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం కొత్తగూడ చేదబావి అడుగంటింది. బొక్కెన వేస్తే బురద తప్ప నీళ్లు రావడం లేదు. ఎవరో ఒకరు లోపలికి దిగి, రాళ్ల సందుల్లో ఊరే నీటిని చెంబుతో బిందెకు ఎత్తి పైకి పంపాల్సిందే. ఆ పని ఆడవాళ్ల మీద పడింది. దిగడానికి ఉన్న పాత నిచ్చెన నాని నాని కుళ్లిపోయింది. ఒకరోజు బుచ్చమ్మ దిగుతుంటే కాలి కింద మెట్టు విరిగింది. పక్కకర్రను పట్టుకుని వేలాడింది గనుక బతికింది. ఆమె కడుపుతో ఉంది. ఆ సాయంత్రమే పటేలు రామచంద్రం వడ్రంగి వీరేశం ఇంటికి వచ్చి, కొత్త నిచ్చెన చేయమని చెప్పి వెళ్లాడు.

వీరేశం చేసిన నిచ్చెన ఏదైనా సరే, వాకిలి దాటే ముందు అతని భార్య నీలమ్మ ఎక్కి చూసేది. గోడకు ఆనించి, నిండు బిందె చంకన పెట్టుకుని, ప్రతి మెట్టు మీదా ఆగి మడమతో గట్టిగా తొక్కేది. కిర్రుమంటే దిగిపోయేది. వీరేశం మారు మాట్లాడకుండా ఆ మెట్టు ఊడదీసి వేరేది బిగించేవాడు. నానక్‌రామ్‌గూడ లాంటి పక్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా, "నీలమ్మ ఎక్కిందా?" అని అడిగిగాని భుజాన వేసుకునేవాళ్లు కాదు.

ఇప్పుడు నీలమ్మకు మోకాళ్లు పట్టేశాయి. పొద్దంతా బావి దగ్గర వంతు కోసం నిలబడి, బురద తేర్చగా దొరికిన సగం బిందెతో ఇల్లు చేరేసరికి నడుము నిలవడం లేదు. నిచ్చెన తయారైన రోజు వచ్చీ రాగానే అరుగు మీద కూలబడింది.

"ఇయ్యాల నాతోని గాదు. రేపు ఎక్కుత," అంది.

అంతలోనే పటేలు పంపిన మొగిలి, ఇంకో మనిషి నిచ్చెన కోసం వచ్చారు.

"తీస్కపోండ్రి. ఇన్నేండ్ల సంది చేస్తున్న, ఏమైతది?" అన్నాడు వీరేశం.

నీలమ్మ అతని వైపు చూసింది. అతనెప్పుడూ అట్లా అనలేదు. గోడ పట్టుకుని లేచింది. బిందె చంకకు ఎత్తుకుంది. రేపు ఈ నిచ్చెన మీద బావిలోకి దిగే వంతు బుచ్చమ్మదే.

రెండు మెట్లు బాగానే ఉన్నాయి. మూడో మెట్టు మీద మడమ ఆనించగానే ఫట్‌మని నడిమికి విరిగింది. నీలమ్మ వెనక్కి పడింది. బిందె దొర్లిపోయి, తెచ్చిన నీళ్లన్నీ మట్టిలో కలిశాయి. మొగిలి పరుగున వచ్చి లేపాడు. ఆమె మణికట్టు అప్పుడే వాచిపోతోంది.

నొప్పిని పంటి బిగువున ఆపుకుంటూ విరిగిన ముక్క చేతికి తీసుకుంది. తుమ్మ కర్రే. కానీ చేవ లేని తెల్ల భాగం. లోపల పురుగు తొలిచిన పిండి రాలుతోంది. వీరేశం ఎర్రటి చేవను తప్ప ఇంకోటి మెట్టుకు వాడడు.

"ఇది ఏం రంగున్నదో చెప్పు," అని ముక్కను అతని ముందు పెట్టింది.

వీరేశం దాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఎర్రగనే ఉన్నది గదా," అన్నాడు.

మొగిలి తల దించుకున్నాడు.

"ఎప్పటి సంది?" అని అడిగింది నీలమ్మ.

"పోయిన వానకాలం సంది. కండ్లకు పొర కమ్మినట్టున్నది. చెప్తె పని ఎవలిస్తరే?"

ఆమెకు కోపం వచ్చింది గానీ, తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. "మొగిలీ, నిచ్చెన గాలేదని పటేలుకు చెప్పు. జర ఓపిక పట్టుమను. ఎందుకు గాలేదో గూడ చెప్పు, దాచకు," అంది.

పటేలు విసుక్కున్నాడు. బావి దగ్గర ఆడవాళ్లు అంతకంటే ఎక్కువ విసుక్కున్నారు. మర్నాడంతా మళ్లీ బురద బొక్కెనలే. నీలమ్మ చేతికి పసుపు కట్టు కట్టుకుని వాకిట్లో కూర్చుంది. కర్రలు ఒక్కొక్కటీ వెలుగుకు తిప్పి చూసి, మంచివి అతని వైపు నెట్టింది. పక్కకర్రల బెజ్జాలను వీరేశం వేలితో తడుముకుంటూ, మెట్ల కొనలను ఉలితో నెమ్మదిగా చెక్కి దిగగొట్టాడు. కొలత అతని వేళ్లకు ఇంకా తెలుసు.

నిచ్చెనను గోడకు ఆనించాక వీరేశమే బిందె ఎత్తుకున్నాడు.

"నువ్వెందుకు?" అంది నీలమ్మ.

"నీ చెయ్యి గట్లుండంగ ఎట్లెక్కుతవ్? నువ్వు కింద పట్టుకో."

ఎక్కాడు. కాలు ఎక్కడ పెట్టాలో ఆమె కింద నుంచి చెబుతోంది. ప్రతి మెట్టు మీదా ఆగి తొక్కాడు. పైకి వెళ్లేకొద్దీ పక్కకర్రను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. దిగివచ్చి బిందెను అరుగు మీద దించాడు.

"ఎక్కినప్పుడల్ల నీకు గింత భయమైతుండెనా?" అని అడిగాడు.

"భయమేం లేదు. యాష్టకొస్తది, పానం అలిసిపోతది, అంతే," అంది నీలమ్మ.

ఆ సాయంత్రం మొగిలివాళ్లు నిచ్చెనను బావిలోకి దించారు. కడుపుతో ఉన్న బుచ్చమ్మ దిగబోతే నీలమ్మ ఆపి, వంతులో వెనక ఉన్న భాగ్యమ్మను దిగమంది. బుచ్చమ్మ సరేనంది. నిలబడి నిలబడి ఆమె కాళ్లు వాచి ఉన్నాయి. కాసేపటికి చెంబు చప్పుడు వినిపించింది. మొదటి బిందెను తాడుతో పైకి లాగారు.

పటేలు బావి ఒడ్డున నిలబడి, "కట్టె నువ్వే ఏరినవటగా నీలమ్మా?" అని అడిగాడు.

"అవును. ఇగ నుంచి నేనే ఏరుత. పని ఇచ్చేటోళ్లు గా సంగతి తెలుసుకొనే ఇయ్యుండ్రి," అంది నీలమ్మ.

పటేలు బావిలోకి తొంగి చూసి, రెండో బిందె లాగమని మొగిలికి చెప్పాడు. చీకటి పడుతుండగా ఇద్దరూ ఇంటికి బయలుదేరారు. బండల మధ్య దారి ఎగుడుదిగుడుగా ఉంది. వీరేశం అందరూ చూస్తుండగానే భార్య భుజం పట్టుకున్నాడు. ఆమె అడుగు తగ్గించి నడిచింది.