రై ఆకుల రసం

2003 మే నెల. గాలివానకు షామీర్‌పేట దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రెండు రోజులైంది. కాలేజీ ప్రయోగశాలలోని చలిగదిలో నాలుగైదు డిగ్రీలకు మించకూడని వేడి ఇరవై దాటింది. లోపల లెక్చరర్ లలితకుమారి ఏడు వారాలుగా పెంచుతున్న రై మొక్కలున్నాయి. గోధుమకు దగ్గరి చుట్టాలవి. చలి తగిలితే ఆకుల్లో ఒక ప్రోటీన్ తయారుచేసుకుంటాయి. అది మంచు పలుకులకు అతుక్కుని వాటిని పెరగనివ్వదు. ఆకు లోపల చీలిపోకుండా ఉంటుంది. వెచ్చబడిన కొద్దీ ఆ ప్రోటీన్ తగ్గిపోతుంది. హిమాచల్ నుంచి తెప్పించిన గింజలన్నీ ఆమె ఈ ట్రేల్లోనే చల్లేసింది.

అటెండర్ బక్కయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. "కరెంటాఫీసుకు మల్ల పోయొచ్చిన మేడం. ఇంకో రెండొద్దులు పడతదంట."

"ఇంకో నాలుగు ఐసు దిమ్మెలు తెద్దామా బక్కన్నా?"

"పొద్దుగాల తెచ్చినయే నీళ్లయినయ్. గడ్డి కోసం గింత పరేషాన్ ఏంది మేడం?"

ఇప్పుడు కోస్తే దక్కేది అరకొర. కోయకపోతే అదీ ఉండదు. ఆమె కత్తెర తీసింది.

"కొయ్యి బక్కన్నా. అన్నీ కొయ్యి. జల్దీ."

ఆకుల్ని ఐసుపెట్టెలో కుక్కుకుని ఇద్దరూ అల్వాల్ బస్సెక్కారు. అక్కడ కరెంటుంది, రక్తపరీక్షల కేంద్రం నడిపే జనార్ధన్ ఆమెకు తెలిసినవాడు.

"రక్తం తిప్పే మిషిన్ల గడ్డి తిప్పుతవా లలితా?" అంటూనే అతను బల్ల ఖాళీ చేశాడు.

ఆకుల్ని చల్లటి నీళ్లతో సిరంజిలో పెట్టి పిడి లాగి వదిలింది. నీళ్లు పీల్చుకున్న ఆకుల్ని యంత్రంలో తిప్పింది. వేళ్లు మొద్దుబారాయి. సాయంత్రానికి పన్నెండు గొట్టాల్లో నాలుగేసి చుక్కల రసం దిగింది. వాటిని జనార్ధన్ ఫ్రిజ్‌లో దాచింది.

కరెంటు వచ్చిన రోజు వాటిని కాలేజీకి తెచ్చి, గొట్టానికో చుక్క చొప్పున సూక్ష్మదర్శిని కింద గడ్డకట్టించి చూసింది. ప్రోటీన్ ఉంటే మంచు పలుకు ఆరు మూలలు తిరుగుతుంది, లేకుంటే బిళ్లలా ఉంటుంది. మొదటిది బిళ్ల. రెండోదీ బిళ్లే. తొమ్మిదో గొట్టం దాకా అంతే. పదోదానిలో ఆరు మూలలు కనిపించాయి. నమ్మలేక మళ్లీ చూసింది. మిగిలిన రెండూ బిళ్లలే.

"ఒక్కటేనా మేడం?"

"ఒక్కటే బక్కన్నా."

బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. బక్కయ్య వెళ్లి చాయ్ తెచ్చాడు. అది చల్లారేలోగా ఆమె హిమాచల్‌కు ఉత్తరం మొదలుపెట్టింది: ఇంకో గుప్పెడు గింజలుంటే పంపగలరా అని.