కోశాక ఇంకా టెస్టేంటి

హోటల్ లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరమ్మ అంటారు. పెద్ద ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి తడి దుప్పట్లు రోలర్ల మధ్యకు తోయడం ఆమె పని. రోజంతా ఆవిరిలో ఉడికిన మనిషి ఇంటికొచ్చేసరికి తోటకూర కాడలా వేలాడిపోతుంది. ఆ సంగతి చెప్పుకుందామంటే వినే చెవి ఆ ఇంట్లో లేదు. మొగుడు లిఫ్టు మెకానిక్. ఇంకా అత్తగారు, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు. ఉన్నవి రెండే గదులు.

రెండో పిల్ల పుట్టాక ఇక చాలనుకున్నారు. అనుకోవడం మొగుడూ పెళ్ళాం కలిసే అనుకున్నారు గానీ, ఆ తర్వాత భారమంతా ఆవిరమ్మ ఒంటి మీదే పడింది. ముందు మాత్రలు వేసుకుంది. కొన్నాళ్ళకే కళ్ళ ముందు వంకరటింకర మెరుపులు, వెనకాలే తల పగిలిపోయే నొప్పి. ఒకరోజు యంత్రం దగ్గరే ఎడమ చెయ్యి మొద్దుబారిపోయింది. డాక్టరమ్మ వింటూనే, "ఇలాంటి తలనొప్పి వచ్చేవాళ్ళు ఈ మాత్రలు మింగకూడదు, ఇవాళే ఆపెయ్" అంది. తర్వాత గర్భసంచిలో లూపు వేశారు. పక్క యంత్రం ఆమెకు అది ఏళ్ళ తరబడి ఉన్నట్టే తెలియదట. ఎవరి ఒళ్ళు వాళ్ళది మరి. ఆవిరమ్మకు నెలనెలా రక్తం ఆగకుండా పోయింది, మొహం పాలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అదీ తీయించేశారు.

కండోమ్ మాటెత్తితే మెకానిక్ మొహం ముడుచుకునేవాడు. "అది నాకు పడదు" అనేవాడు. ఏం పడదో, ఎలా పడదో చెప్పడు. మాత్ర పడక చెయ్యి మొద్దుబారినది, లూపు పడక రక్తమంతా పోగొట్టుకున్నది పక్కనే కూర్చునుండగా ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

"ఇంకా ఆలోచనేంటి? ట్యూబులు కట్టించేసుకో" అని తీర్పు చెప్పేసింది అత్తగారు.

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఒంట్లో రక్తం లేదు. ముందు అది పెరగాలి. అసలు మీ ఆయన్ని తీసుకురామ్మా. మగవాళ్ళది చిన్న పని. అక్కడి వరకే మత్తిచ్చి పావుగంటలో చేసేస్తాం" అంది.

ఈ కబురు ఇంట్లో చెప్పగానే కొంప మునిగినంత గోల.

"బరువులెత్తే మగాడే! నీరసపడిపోతే ఇల్లెలా గడుస్తుంది?" అంది అత్తగారు.

"నేనెత్తే తడి దుప్పట్లు దూదిపింజలా అత్తయ్యా?"

"ఆడది ఎలాగోలా తట్టుకుంటుందమ్మా."

ఈ మాట మొదట ఎవరన్నారో గానీ, వాళ్ళని తీసుకొచ్చి ఒక్క పూట ఆ రోలర్ల ముందు నిలబెట్టాలి. తట్టుకుంటుంది కాబట్టి మోపుతారు, మోపుతారు కాబట్టి తట్టుకుంటుంది. ఇంతకు మించి ఇందులో న్యాయం ఏముంది?

ఆవిరమ్మ వాదించలేదు. దిండూ దుప్పటీ తీసుకుని పిల్లల పక్కన పడుకుంది. "ఏదో ఒకటి తేలేదాకా నా పక్క ఇక్కడే" అంది. మెకానిక్ కొన్నాళ్ళు బింకంగా తిరిగాడు, కొన్నాళ్ళు అలిగి తిరిగాడు, చివరికి "సరే పద" అన్నాడు.

ఆపరేషన్ పావుగంటలోనే అయింది. నర్సు ఇద్దర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. "కోసినంత మాత్రాన ఇవాళ్టి నుంచే పని చెయ్యదండీ. ముందటి వీర్యకణాలు లోపల ఇంకా ఉంటాయి. మూడు నెలలయ్యాక వచ్చి వీర్యం టెస్టుకివ్వాలి. మేం బాగుందని చెప్పేదాకా ఈ కండోమ్ పాకెట్లు వాడాలి." మెకానిక్ తలూపాడు.

ఇక ఇంటికొచ్చాక చూడాలి ఆ వైభవం! యుద్ధం గెలిచొచ్చినవాడికి కూడా అంత మర్యాద జరగదు. మంచం కిటికీ పక్కకు మారింది. అత్తగారు ఎముకల సూపు కాచి గిన్నెలు గిన్నెలు తాగించింది. వాడి అక్క, అంటే ఆవిరమ్మకు వదిన, రోజూ ఫోన్ చేసి "లేచి తిరగకురా తమ్ముడూ" అనేది. పిల్లల్ని గట్టిగా నవ్వనివ్వలేదు. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు ఆవిరమ్మకు మంచినీళ్ళు అందించిన చెయ్యి లేదు, పొత్తిళ్ళు ఉతుక్కున్నదీ తనే. అయినా ఏమీ అనలేదు. పోన్లే, చేయించుకున్నాడు కదా అనుకుంది. నిజంగానే సంతోషపడింది, పాపం. లాండ్రీలో "మా ఆయనే చేయించుకున్నాడు" అని గొప్పగా చెప్పుకుంది కూడా.

నెలన్నర తిరగకుండానే ఒక సాయంత్రం మెకానిక్ చొక్కా విప్పుతూ, "టెస్టు అయిపోయింది, అంతా బాగుంది" అన్నాడు.

"మూడు నెలలన్నారుగా?"

"నాది తొందరగా కుదిరింది. ఇంక ఆ పాకెట్లు పారెయ్."

ఆవిరమ్మ నమ్మింది. కట్టుకున్నవాడు చెప్తే నమ్మక ఏం చేస్తుంది?

మరుసటి నెల ఆమెకు నెల తప్పింది. లాండ్రీలో వేడి దుప్పట్ల వాసనకే కడుపులో తిప్పింది. మందుల షాపులో కొన్న చిన్న పుల్ల మీద రెండు గీతలు పడ్డాయి. ఆపరేషన్ పాడైందేమో, ఆయనకేమైనా ఇబ్బందో ఏమో అని ముందు మొగుడి గురించే కంగారుపడింది చూడండి.

చెప్పగానే మెకానిక్ ఆమె మొహంలోకి అదోలా చూశాడు. అన్నం కూడా సగంలో వదిలేసి ఫోన్ పట్టుకుని మేడ మెట్ల మీదికి పోయాడు.

మర్నాడు పొద్దున ఆవిరమ్మ పనికి బయల్దేరుతుంటే అత్తగారు వాకిట్లో అడ్డంగా నిలబడి, తాపీగా అడిగింది.

"మీ లాండ్రీలో మగాళ్ళెంతమంది పనిచేస్తారమ్మా?"

ఒక్క క్షణం ఆవిరమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా భగ్గుమంది. చేతిలో సంచి కింద పడేసి లోపలికొచ్చింది. మెకానిక్ బూట్లు వేసుకుంటున్నాడు.

"ఆ మాట మీ అమ్మ సొంతంగా అన్నదా, నువ్వనిపించావా?"

"నన్నేం చెయ్యమంటావు? నాకు కోసేశారు. నీకు కడుపొచ్చింది. అక్క కూడా అదే అంటోంది."

"వదిన దాకా పోయిందా! పుల్ల చూపించి ఒక రోజు కూడా కాలేదు, అప్పుడే ఊరంతా పంచావా? టెస్టు చేయించావుగా, బాగుందన్నారని చెప్పావుగా. పద, వాళ్ళనే అడుగుదాం."

మెకానిక్ నీళ్ళు నమిలాడు. తర్వాత నీళ్ళు నమలడం కూడా నామోషీ అనిపించిందేమో, గొంతు పెంచాడు.

"కోశాక ఇంకా టెస్టేంటి? ముందే చూసెయ్యమని పోతే ఆ నర్సు నా చేతికి డబ్బా ఇచ్చి నింపుకు రమ్మంది, నలుగురిలో నేను పోయి నింపాలా? తిరిగొచ్చేశాను. అయినా తెగిందాంట్లోంచి ఏం వస్తుంది?"

అత్తగారు కూడా కొడుకు వంక చూసింది.

డాక్టర్ల ముందు, నర్సుల ముందు, చూడ్డానికొచ్చిన డాక్టరీ చదివే పిల్లల ముందు ఎన్నిసార్లు కాళ్ళు చాపి పడుకుందో ఆవిరమ్మకే తెలుసు. సిగ్గు తనకు లేకనా? ఈయనకు ఒక్క డబ్బా నింపడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధాన్ని తనే నమ్మి, పెళ్ళాన్ని బజారుకీడ్చాడు.

"లిఫ్టు బాగుచేసి, ఖాళీగా నాలుగుసార్లు పైకీ కిందకీ నడిపి చూడందే మనుషుల్ని ఎక్కిస్తావా?" అని అడిగింది.

"అది వేరు."

"అవును, వేరే. లిఫ్టు తెగితే నువ్వూ పడతావు. ఇక్కడ పడేదాన్ని నేనొక్కదాన్నే."

ఆ రోజు ఆవిరమ్మ లాండ్రీకి వెళ్ళలేదు, మొగుణ్ణీ పనికి వెళ్ళనివ్వలేదు. ఆస్పత్రికి లాక్కెళ్ళింది. డబ్బా తీసుకుని తలుపేసుకున్నాడు, చచ్చిపోలేదు. డాక్టరమ్మ చూసి, "ఇంకా ఉన్నాయి. అందుకేనయ్యా మూడు నెలలు ఆగమన్నది. కొన్ని వారాలాగి మళ్ళీ రా" అని చెప్పింది. మెకానిక్ తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు.

తర్వాత ఆవిరమ్మ ఒక్కతే డాక్టరమ్మతో మాట్లాడింది. ఉంచుకుంటే ఏమిటి, వద్దనుకుంటే ఏమిటి, ఈ రక్తంతో ఏది ఎంత కష్టం, అన్నీ అడిగి తెలుసుకుంది. పిల్లలంటే ఆమెకు చేదా? కాదు. కానీ ఇద్దరు చాలని ఎప్పుడో అనుకుంది, ఆ అనుకోవడం ఇంకా మారలేదు. బయటికొచ్చి, "వద్దని చెప్పాను. ఎల్లుండి రమ్మన్నారు" అంది. ఇంట్లో ఎవర్నీ అడగలేదు, చెప్పింది, అంతే.

ఇంటికొచ్చాక మెకానిక్ చల్లగా, "తప్పు నాదేలే. జరిగిందేదో జరిగింది, మనలో మనం ఇంక వదిలేద్దాం" అన్నాడు.

"నింద వేసినప్పుడు మనలో మనమే ఉన్నామా? మీ అక్కకు ఫోన్ చెయ్. నేను వినేలా పెట్టు. మీ అమ్మ కూడా కూర్చుంటుంది."

"ఇప్పుడెందుకే?"

"చెయ్."

చేశాడు. అత్తగారు కొంగు నలుపుకుంటూ మంచం చివర కూర్చుంది. అవతల వదిన గొంతు వినపడింది.

"అక్కా, నిన్న నేను చెప్పింది తప్పు. దాని తప్పేం లేదు. నేనే టెస్టు చేయించుకోకుండా చేయించుకున్నానని అబద్ధం చెప్పాను. ఇవాళ చూపించుకున్నాను. ఆ కడుపు నాదే."

ఇప్పుడైనా వదిన నోటి నుంచి "అయ్యో, ఆ పిల్లని అనరాని మాట అన్నామే" అని వస్తుందేమోనని ఆవిరమ్మ ఎదురుచూసింది.

"పోన్లేరా తమ్ముడూ" అంది వదిన, గొంతు గద్గదమై. "లోపల్లోపల ఎంత నలిగిపోయావో పాపం! ఆస్పత్రిలో నలుగురి ముందూ ఎంత తలవంపులయిందో! నువ్వేం మనసులో పెట్టుకోకు. వేళకింత తిను, ఒళ్ళు జాగ్రత్త."

మెకానిక్ కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. అత్తగారు ముక్కు తుడుచుకుంది. ఆవిరమ్మ ఆ ఇద్దర్నీ చూసింది, మంచం మీద మాట్లాడుతున్న ఫోన్ని చూసింది. వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"వదినా, నేనూ ఇక్కడే ఉన్నాను" అంది.